నాన్న చేతి గుర్తులు

మా ఇంట్లో నాకు నిలకడ లేదని పేరు. కూర్చుంటే కాలు ఊపుతాననీ, నిలబడితే గుమ్మం పట్టుకుని వేలాడతాననీ, బియ్యం ఏరమంటే సగం చేట ఏరి వీధిలోకి చూస్తాననీ మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అబద్ధమేం కాదు. ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకి నిలకడ ఎక్కణ్ణించి వస్తుంది? అనకాపల్లిలో కాలేజీ ఉంది, నన్ను పంపలేదు. సంబంధాలు చూస్తున్నామన్నారు, అవీ తేలలేదు. పొద్దున్న లేస్తే బెల్లం బళ్ళ చప్పుడు, పొద్దు వాలితే బెల్లం బళ్ళ చప్పుడు, మధ్యలో నేను. అరవైల్లో మొదటి సంవత్సరాల మాట ఇది.

నాన్న రిటైరైన తెలుగు మేష్టారు. ఊళ్ళో సాయిబు గారి ప్రెస్సుకి ప్రూఫులు దిద్దేవాడు. సాయిబు గారు పుస్తకాల బైండింగుతో మొదలుపెట్టి, పాత ట్రెడిల్ మిషనొకటి కొని, మెయిన్ రోడ్డు వెనక సందులో ప్రెస్సు పెట్టిన మనిషి. శుభలేఖలు, సినిమా కరపత్రాలు, బెల్లం కొట్ల బిల్లు పుస్తకాలు ఎటూ ఉండేవి. అవిగాక వ్రతకథలూ, పిల్లల వ్యాకరణాలూ, ఊళ్ళో పద్యాలు రాసేవాళ్ళ సొంత పుస్తకాలూ వేసేవాడు. పుస్తకం పనంటే మాత్రం ప్రూఫులు మా ఇంటికి రావలసిందే. మేష్టారి చెయ్యి పడకుండా పుస్తకం మిషనెక్కదని సాయిబు గారు అందరితోనూ అనేవాడు. ఆ మాట విన్న రోజు నాన్న అన్నంలో ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

ప్రూఫంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. కంపోజిటరు సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేరుస్తాడు. వాటికి సిరా పూసి, తడి కాగితం పరిచి, ఒత్తి తీస్తే వచ్చేదే ప్రూఫు. ఒత్తు ఊడినచోట, అక్షరం తలకిందులైనచోట, రెండు మాటలు అతుక్కుపోయినచోట దిద్దేవాడు గుర్తు పెడతాడు. ఆ గుర్తు చూసి కంపోజిటరు చిమటాతో పాత అక్షరం పీకి కొత్తది దిగేస్తాడు. ఇద్దరూ మాట్లాడుకునే పనే లేదు. ఏం చెప్పాలన్నా గుర్తులే చెబుతాయి.

అటువంటి నాన్నకి రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. మొదట్లో కాగితం ముక్కుకి ఆనించుకుని చదివేవాడు. తర్వాత కిటికీ దగ్గరికి, ఆ తర్వాత పెరట్లో ఎండలోకి వెళ్ళాడు. చివరికి ఎండలో కూడా అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తున్నాయన్నాడు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరాక రండి, అప్పుడు తీస్తామన్నాడు. ఎప్పటికి ముదురుతుందంటే ఆయనా చెప్పలేకపోయాడు.

ఈ సంగతి ప్రెస్సులో తెలియకూడదని నాన్న పట్టు. బళ్ళో పంతులొకాయన ఆ పనికోసం కాచుక్కూర్చున్నాడు. ఒకసారి ఆయన చేతికి వెళ్ళిందంటే తిరిగి రాదని నాన్న భయం. అప్పుడు నన్ను పిలిచాడు.

"దిద్దేది నేనే. నువ్వు నా చేతివి, అంతే," అన్నాడు.

సరే అన్నాను. చేట పక్కన పడేసి వచ్చే పని ఏదైనా నాకు సరే.

కాగితం కనబడని మనిషి గుర్తులు ఎలా నేర్పాలి? అమ్మ ముగ్గు పిండి తెప్పించి, నాన్న వసారాలో గచ్చు మీద పెద్ద పెద్దగా గీశాడు. తీసెయ్యాలంటే అక్షరం మీద అడ్డగీత కొట్టి, చివర మెలిక తిప్పిన తోక. పడిపోయిన అక్షరం పెట్టాలంటే కింద హంసపాదు. విడిపోయినవి కలపాలంటే పైనొక ఒంపు, కిందొక ఒంపు. తలకిందులైనదానికి ఒకటి, చోటు వదలాల్సినదానికి ఒకటి. పొరపాటున కొట్టేసిన మాట ఉంచాలనుకుంటే దాని కింద వరసగా చుక్కలు. ఈ చుక్కలంటే నాన్నకి ఇష్టం. కొట్టేసినదాన్ని బతికించడం అనేవాడు. అమ్మ వచ్చి కాస్సేపు చూసింది.

"ఇదేం ముగ్గు? పండక్కి ఇదే వేస్తే లక్ష్మీదేవి గుమ్మంలోంచే వెనక్కి పోతుంది," అని పిండి గిన్నె లోపలికి పట్టుకుపోయింది.

ఒక్క సంగతిలో నాన్న చాలా గట్టి. తప్పు దగ్గర గుర్తు పెట్టి, అక్కణ్ణించి అంచు దాకా గీత లాగి, ఆ గీత చివర సరైన అక్షరం రాయాలి. పేజీలో తప్పులెక్కువైతే గీతలు ఒకదాని మీదొకటి ఎక్కి కాగితం సేమ్యాలా అయ్యేది. ఆయన అలాగే నేర్చుకున్నాడు, అలాగే దిద్దాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. మెలికలు ఆయన మెలికల్లాగే తిప్పడానికి పాత ప్రూఫులు దగ్గర పెట్టుకుని తంటాలు పడ్డాను.

మా అదృష్టం, ప్రెస్సులో పాత కంపోజిటరు ఆ వానాకాలంలోనే పని మానేసి విశాఖపట్నం పోయాడు. అతనైతే నాన్న చెయ్యి ఇట్టే పోల్చేవాడు. కొత్తతను తుమ్మపాల మనిషి. సాయంత్రం ఇంటికి పోతూ మా గుమ్మంలో ప్రూఫులిచ్చి, పొద్దున్న వస్తూ తీసుకుపోయేవాడు. అతనికి మేష్టారంటే ఆ కాగితాల మీది గుర్తులే. సాయిబు గారు గుర్తులు చూసే మనిషి కాదు, ఆయనకి దిద్దిన పేజీల ఫారం ఎప్పుడు మిషనెక్కుతుందన్నదే లెక్క.

సాయంత్రం సైకిలు గంట వినబడేదాకా నా కాలు ఒకచోట నిలిచేది కాదు. వసారాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వసారాలోకి తిరిగేదాన్ని. ప్రూఫు రాగానే నాన్న పడక కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. నేను గచ్చు మీద కూర్చుని చదివేదాన్ని. చదవడమంటే మామూలు చదువు కాదు. ఒత్తులతో, దీర్ఘాలతో, కామాలతో, చుక్కలతో, ఒక్కొక్క అక్షరం. "ఆగు," అనేవాడు నాన్న. "మళ్ళీ చదువు." మళ్ళీ చదివేదాన్ని. "మింగేశావు ఒక అక్షరం." నేను మింగలేదు, కంపోజిటరు మింగాడు. అయినా నన్నే అనేవాడు.

ఇలా చదువుతుంటే ఒక పేజీకి గంట పట్టేది, నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. కొన్నాళ్ళకి నాన్న "ఆగు" అనేలోపలే నా పెన్సిలు ఆగడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళకి పైకి చదవకుండానే నాకు తప్పు కనబడిపోయేది. ఊరికే పప్పులో రాయిలా కనబడేది. నాన్నకి వినిపించడం కోసం మాత్రం చదివేదాన్ని. ఆయన మధ్యలో కునుకు తీస్తే చదవడం ఆపేసి, నాలుగు పేజీలు గబగబా దిద్దేసి, ఆయన లేచే సమయానికి మళ్ళీ గొంతెత్తేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో ఆ నాలుగు పేజీలు.

ఆ తొందరలోనే గీతలు మానేశాను. ఎవరినీ అడిగి కాదు. తప్పు మీద చిన్న గాటు, ఎదురుగా అంచులో సరైన అక్షరం, దాని పక్కన ఒక ఏటవాలు గీత. ఎడమ సగంలో తప్పులు ఎడమ అంచులో, కుడి సగంలోవి కుడి అంచులో. పేజీ శుభ్రంగా ఉండేది. కంపోజిటరు అంచు మీద వేలు పెట్టి పై నుంచి కిందికి దిగితే చాలు. నాన్నకి చెప్పలేదు, ఆయన అడగలేదు. కంపోజిటరు ఏమంటాడోనని మాత్రం ఒక పొద్దుట తలుపు వెనక నుంచుని విన్నాను. అతను కాగితాలు చూసుకుని, చుట్టి చంకలో పెట్టుకుని, "వత్తాను మేష్టారూ," అని వెళ్ళిపోయాడు.

ఒకసారి సాయిబు గారే మా ఇంటికి వచ్చాడు. ఏదో పుస్తకం లోపలి బొమ్మల పేజీ, అప్పటికప్పుడు చూసి పంపాలన్నాడు. కాగితం తిన్నగా నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని పట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు.

"అమ్మాయీ, నా కళ్ళజోడు ఏదే?" అన్నాడు నాన్న, ఏమీ ఎరగనట్టు.

"దాని పుల్ల విరిగిందని నువ్వే బజారుకి పంపేవు కదా," అన్నాను.

"చూశారా సాయిబు గారూ, ముసలితనం. కాస్సేపట్లో పంపిస్తాను."

"పర్వా లేదు మేష్టారూ, ఆరాంగా చూడండి," అని ఆయన అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ తర్వాత నాన్న చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కాగితం ఆయన చేతిలోంచి లాక్కుని దిద్దడం మొదలుపెట్టాను. నాన్న పని పోతుందని ఎంత భయపడ్డానో, నా చేతిలో పెన్సిలు పోతుందనీ అంతే భయపడ్డాను. అసలు అది నాన్న పని అన్న మాటే అప్పటికి నాకు గుర్తు చేసుకుంటే గాని గుర్తు రావడం లేదు.

రావికమతం వైపు పనిచేసే వ్యవసాయ ఆఫీసరొకాయన చెరకు సాగు మీద చిన్న పుస్తకం అచ్చుకిచ్చాడు. అందులో బెల్లం వండేటప్పుడు సున్నం నీళ్ళు రసం కాగకముందు పొయ్యాలని ఒకచోట ఉంది, కాగాక పొయ్యాలని ఇంకొకచోట ఉంది. రెండోది కొట్టేస్తానన్నాను.

"నీకేం హక్కుంది?" అన్నాడు నాన్న. "కంపోజిటరు చేసిన తప్పు కొట్టు. రాసినవాడి మాట కొట్టడానికి నువ్వెవరు?"

"మరి తప్పని తెలుస్తోంది కదా."

"తెలిస్తే అడుగు. అంచులో ప్రశ్న గుర్తు పెట్టి, చుట్టూ సున్నా చుట్టు. సున్నా చుట్టినది అచ్చెయ్యకూడదని కంపోజిటరుకి తెలుసు. రాసినవాడు చూసుకుంటాడు."

ప్రశ్న గుర్తు పెట్టి సున్నా చుట్టాను. 'రెండింటిలో ఏది?' అని పక్కనే చిన్నగా రాశాను. తర్వాత ప్రూఫుతో పాటు తిరిగొచ్చిన ఆ పాత కాగితం మీద, సున్నాకి ఎదురుగా ఎర్ర సిరాతో జవాబుంది. 'రెండోదే సరి. మొదటిది మార్చాను. మంచి ప్రశ్న.'

ఆ కాగితం ముక్క ఎన్నిసార్లు చూసుకున్నానో. అప్పటిదాకా నన్నెవరూ ఏమీ అడగలేదు, నేనడిగితే ఎవరూ చెప్పలేదు. కాలేజీ ఎందుకొద్దన్నారో అడిగితే అమ్మ కూర మాడుతోందనేది. ఇప్పుడు ముఖం ఎరగని పెద్దమనిషి నా ప్రశ్న మంచిదన్నాడు. ఆయన మేష్టారితో అన్నాననుకున్నాడు, నిజమే. అయినా ప్రశ్న నాది. ఆ రోజు నుంచీ ఈ పని నాకు ఉంటుందా, పోతుందా అన్న ఒక్కటే నా తిండీ నిద్రా అయిపోయింది.

పోవడానికి కారణం ఇంట్లోనే ఉంది. ఇంటిల్లిపాదీ శుక్లం ఎప్పుడు ముదురుతుందా అని ఎదురుచూస్తున్నారు. అమ్మ పొద్దున్నే నాన్న ముఖం ఎండకి తిప్పి, "ఇవాళ కాస్త తెల్లగా కనబడుతోంది," అనేది. నాన్నకి చూపు రావాలని నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. పెట్టుకుని లేస్తూ లేస్తూ, మరీ తొందరేం లేదు స్వామీ అని కూడా అనుకునేదాన్ని.

శుక్లం ముదిరింది. ఇక ప్రెస్సులో చెప్పక తప్పలేదు. ఒక కంట్లో చిన్న పొర వచ్చింది, తీయించుకుని వస్తానని నాన్న తగ్గించి సాయిబు గారికి కబురు పెట్టాడు. అమ్మా నాన్నా విశాఖపట్నం వెళ్ళారు. నన్ను పిన్ని గారింట్లో దింపారు. ఆ రోజుల్లో ప్రూఫులు బళ్ళో పంతులు గారికి వెళ్ళాయి. పిన్ని ఇంట్లో పంచాంగం, పాత వారపత్రికలు, ఉప్పు పొట్లం కాగితాలు, ఏది దొరికితే అది గోటితో దిద్దుతూ కూర్చున్నాను. పిన్ని కొడుకు లెక్కల పుస్తకం కూడా వదల్లేదు.

నాన్న తిరిగొచ్చాక కూడా కళ్ళద్దాలు వచ్చేదాకా దిద్దడం నాదే అయింది. పంతులు గారి దగ్గర్నుంచి పని మాకు తిరిగి రావడమే నాకు పండగ. ఆ తర్వాత అద్దాలొచ్చాయి. సీసా అడుగంత మందం. అవి పెట్టుకుని నాన్న మొట్టమొదట గోడ మీద కేలండరు చదివాడు, తర్వాత అగ్గిపెట్టె మీద అక్షరాలు చదివాడు, తర్వాత నా ముఖం చూసి, "చిక్కిపోయావేమే," అన్నాడు. నేను ఏడ్చాను. నిజంగా సంతోషంతోనే ఏడ్చాను.

ఆ సాయంత్రమే కంపోజిటరు కొత్త పుస్తకం ప్రూఫులు తెచ్చాడు. నాన్న నాకంటే ముందు లేచి అందుకున్నాడు. పెన్సిలు ఎక్కడని అడిగాడు. నా జడలో దోపుకుని ఉంది. తీసి ఇచ్చాను.

మర్నాడంతా దిద్దాడు. ఒక్కొక్క పేజీ దిద్ది, దూరంగా పట్టుకుని చూసుకుని, ముచ్చటపడి పక్కన పెట్టుకుంటున్నాడు. నేను పప్పు రుబ్బాను. రుబ్బిందే రుబ్బాను. "అది పిండా, గంధమా?" అంది అమ్మ. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన చెయ్యి అటూ ఇటూ పోతూ కనబడేది. గీతలు లాగుతున్నాడు. ఎందుకో తెలీదు, నాకు కోపం వచ్చింది. చూపొచ్చిన తండ్రి మీద కోపమేమిటని నామీద నాకే ఇంకా కోపం వచ్చింది.

ఆ కాగితాలు తీసుకువెళ్ళిన మర్నాడు పొద్దున్న కంపోజిటరు ప్రెస్సుకి పోతూ మళ్ళీ మా గుమ్మంలో ఆగాడు. సైకిలు గోడకి ఆనించి, అవే కాగితాలు చేత్తో పట్టుకుని వచ్చాడు.

"మేష్టారూ, ఏటనుకోకండి. ఇది మీరు దిద్దింది కాదు గదా," అన్నాడు.

నాన్న ఆ మందపాటి అద్దాల్లోంచి అతనికేసి చూశాడు. "ఏం, తప్పులేమైనా ఉండిపోయాయా?"

"తప్పుల మాట నాకేటి తెలుస్తాది బాబూ. గుర్తులు మీయి కావు. మీరు సిన్న గాటెట్టి పక్కన మాట రాత్తారు. ఇదేటి, కాయితమంతా గీతలు లాగీసేరు. మీరు పట్నం ఆసుపత్రిలో ఉన్నప్పుడు దిద్దిన పంతులుగోరి సెయ్యిలాగుంది. ఆయనకే మళ్ళీ ఇచ్చేరేటి?"

నాన్న ఆ కాగితాలకేసి వంగి చూశాడు.

"నేను పెస్సులో సేరిన కాణ్ణించి మీ సెయ్యే సూత్తన్నాను, నాకు తెలీదా," అన్నాడతను, కాస్త నొచ్చుకుంటున్నట్టు. "ఈ పుస్తకానికి మేష్టారి సెయ్యే పడాలని సాయిబు గారు మరీ మరీ సెప్పేరు. ఆయనికింకా సూపించలేదు. ఓపికుంటే మీరే ఓపాలి దిద్దీసి ఉంచండి, సాయంత్రం వత్తాను."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నా కాలు ఊగడం లేదు. 'నేనే దిద్దాను' అని నాన్న ఒక్క మాట అంటే చాలు, అతను చెంపలు వేసుకుని ఆ గీతలకే అలవాటు పడతాడు. అది న్యాయం. పని ఆయనది, పేరు ఆయనది. నేను పప్పు రుబ్బుకోవాలి. నాన్న అద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచాడు. అద్దాలు లేకపోతే ఆయనకి ఎదుటి మనిషి కూడా ఆనడు. నా వైపే తిరిగాడు గాని, నేను కనబడ్డానో లేదో తెలియదు.

"కాదు," అన్నాడు. "నా చెయ్యి కాదు. తొందరలో ఇంకొకరి చేత దిద్దించాను. ఇకముందు అలా జరగదు."

కంపోజిటరు తేలికపడి, కాగితాలు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాన్న పెన్సిలు ఆ కాగితాల మీద పెట్టి నావైపు జరిపాడు.

"సాయంత్రానికి కావాలిట," అన్నాడు. "గీతలు ఎప్పుడు మానేశావే?"

"చాలా రోజులైంది."

"చెప్పలేదేం?"

"నువ్వు ఒప్పుకోవని."

"ఒప్పుకోను," అన్నాడు. లేచి, చెప్పులు వేసుకుని, బజారుకి వెళ్ళొస్తానన్నాడు. చూపొచ్చాక ఆయన ఒక్కడూ బజారుకి వెళ్ళడం అదే మొదలు. అమ్మ వెనకనుంచి సంచీ తీసుకెళ్ళమని కేకేసింది. ఆయన వినిపించుకోలేదు.

నాకు ముందు కలిగింది సంతోషమే. ఆయన వీధి మలుపు తిరిగేలోపలే పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను. పని నాదైంది, ఆయన నోటితోనే నాదైంది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, రబ్బరు తీసుకుని, ఆయన గీతలు ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టాను. ఆయన గీత చెరిపి, అదే తప్పు మీద నా గాటు పెట్టడం, ఆయన రాసిన అక్షరం చెరిపి, అదే అక్షరం అంచులో రాయడం. మొదటి పేజీ అయ్యేసరికి చెయ్యి బరువెక్కింది. ఆయన చూడకుండా వదిలేసిన తప్పు ఒక్కటి దొరికితే చాలనిపించింది. ఒక్కటంటే ఒక్కటి, నా చెయ్యి కూడా అవసరమే అనిపించేందుకు. పేజీ పేజీ వెతికాను. వెలుగుకి పట్టుకుని వెతికాను, పైకి చదువుతూ వెతికాను. సాయంత్రం సైకిలు గంట వినబడేదాకా వెతికాను. నాన్న ఒక్క తప్పు కూడా వదల్లేదు.